ఒడిలో రష్యను బడి

ఆరు విభక్తులు, మూడు లింగములు, 33 అక్షరములు. పెద్దలను బెదరగొట్టు ఈ భారమంతయు రష్యాదేశపు అవ్వలు ఆటలలోను కథలలోను ఏనాడో సర్దియుంచిరి. ఇంట పసివారికి ఆ భాష నేర్పదలచినవారికి మిగిలిన పని, వారితో కూడి ఆడుటయే.

పెద్దవారు రష్యను భాష నేర్వబూని పుస్తకము తెరచినంతనే వారికెదురుపడునవి విభక్తుల పట్టికలు. నామవాచకము పుంలింగమైన నొకరీతి, స్త్రీలింగమైన మరియొకరీతి, నపుంసకమైన వేరొకరీతి మారుచు, తనతోపాటు విశేషణమును గూడ మార్చుచు, సంఖ్యావాచకము ముందు నిలిచినచో మరల క్రొత్తరూపు దాల్చుచు, నేర్చువాని ఓపికకు పరీక్ష పెట్టును. అదే భాషను మాస్కోలోని మూడేండ్ల బాలుడు పట్టిక యనుదానిని కన్నెత్తి చూడకయే, అక్కడక్కడ తడబడుచునే యైనను, గలగల మాటలాడుచుండును. వాని ప్రజ్ఞకు లేతవయస్సొక్కటియే కారణము కాదు. ఆ భాషలోని ప్రతి క్లిష్టాంశమును ఏదో యొక ఆటలోనో, వ్రేళ్లలెక్కలోనో, మరల మరల చెప్పుకొను కథలోనో ఇమిడ్చి, బాబుష్కలు, అనగా అవ్వలు, తరతరములుగా వాని చేతికందించుచుండిరి. ఏ ఆటలో ఏ పాఠమున్నదో పెద్దవారు కనిపెట్టి, ఆటను పిల్లవానికిచ్చి, పాఠమును మాత్రము తమ మనస్సులో నుంచుకొనుటయే ఇంట రష్యను నేర్పు విద్యలోని కీలకము.

ఈ విద్య అవసరము నేడు రష్యాలో కంటె రష్యాకు వెలుపలనే యెక్కువ. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమగుటకు కొంచెము ముందును, పిమ్మటను లక్షలాది రష్యను భాషీయులు ఇజ్రాయెలుకు, జర్మనీకి, అమెరికాకు తరలిపోయిరి. న్యూయార్కులోని బ్రైటన్ బీచిలో దుకాణముల పేరుపలకలు సైతము రష్యను లిపిలో కానవచ్చును. హైఫా, అష్దోద్ నగరముల వీథులలో ఆ భాష నేటికిని వినవచ్చుచుండును. అయినను ఆ యిండ్లలోని పిల్లవాడు బడిలో చేరిన కొలదినాళ్లకే, తల్లి రష్యనులో అడిగిన ప్రశ్నకు హీబ్రూలోనో ఇంగ్లీషులోనో బదులు చెప్ప మొదలిడును. చదువుకై మాస్కోకో లెనిన్‌గ్రాడుకో పోయి, అచటి యువతులను వివాహమాడి స్వస్థలమునకు వచ్చిన కొందరు తెలుగువారి యిండ్లలోను ఇదే చిక్కు. అచట ఆ భాషకు తల్లి యొక్కతెయే ఆధారము. ఇక మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయములు అచ్చువేయగా విశాలాంధ్ర పుస్తకశాలల ద్వారా మన యూళ్లకు వచ్చిన బొమ్మల పుస్తకములతో, ఉప్పల లక్ష్మణరావు మొదలగువారు ఆ నగరముననే యుండి చేసిన తెనిగింపులతో బాల్యమును గడపినవారికి, తమ మనుమలకు ఆ మూలభాషయే రెండు మాటలు నేర్పవలెనను ముచ్చట కలుగుటలో వింతలేదు.

చెవికి తొలి పాఠము

ఏ భాషకైనను తొలిద్వారము చెవి. కావున ప్రారంభమున అక్షరములను దరిచేరనీయక జంతువుల కూతలతో మొదలుపెట్టుట మేలు. రష్యను కోడి ‘కుకరేకు’ అని కూయును. కుక్క ‘గవ్ గవ్’ అనును. కప్ప ‘క్వా క్వా’ అనును. పంది ‘హ్ర్యూ హ్ర్యూ’ అనును. తన కోడి ‘కొక్కొరోకో’ అని కూయునని యెరిగిన పిల్లవాడు ఈ విదేశీ కోడిని విని పకపక నవ్వును. ఆ నవ్వులోనే క్రొత్త ధ్వనులు వాని నోటికి పట్టుబడును.

ధ్వనుల విషయమున తెలుగు పిల్లవానికి కొంత మేలు జన్మసిద్ధముగానే కలదు. రష్యను భాషలోని ‘త’, ‘ద’లు మనవలెనే దంత్యములు, ‘ప’, ‘త’, ‘క’లను ఇంగ్లీషువారివలె ఊపిరి విసరి పలుకరు. ఆ భాషలోని రెండు ఊష్మములు మన ‘ష’, ‘శ’లకు సమీపముననే యుండును. అయినను ఇంగ్లీషు బడిలో చదివిన మన పెద్దలు ‘త’ను జూచి ‘ట’ అని పలుకుట కలదు; ఆ యలవాటును పిల్లలకు సంక్రమింపనీయరాదు. తెలుగున లేని ధ్వనులలో ముఖ్యమైనది, నాలుకను వెనుకకు లాగి ‘ఇ’, ‘ఉ’ల నడుమ పలుకు ఒక అచ్చు. దానిని నేర్పుటకు ఎలుక, ఎలుగుబంటి చాలును. రష్యనులో చిట్టెలుకకును, బొమ్మ యెలుగుబంటికిని గల పేర్లు రెండును తెలుగులిపిలో ‘మిష్క’ అనియే వ్రాయవలసివచ్చును. ఎలుక పేరులో మాత్రము ఆ వింత అచ్చు, ఎలుగు పేరులో మన ‘ఇ’కారము. రెండు బొమ్మలను చాపమీద నుంచి, తల్లి ఒక పేరు పలుకగా పిల్లవాడు వెంటనే దానిని పట్టుకొనవలెను. తప్పిన బొమ్మ తల్లిది. కొన్నాళ్లు చెవి తేటపడిన పిమ్మట పలుకువాడు పిల్లవాడు, పట్టుకొనునది తల్లి. వాడు తప్పు పలికిన ఆమె తప్పు బొమ్మనే పట్టుకొనును. ఇక తన నాలుకను దిద్దుకొను శ్రమ వాడే తీసికొనును.

ఒడిలోని శిశువులకైనచో సరోక అను పక్షి యాట కలదు. కాకిజాతిలోని ఆ పక్షి అరచేతిలో అంబలి కాచి, ఒక్కొక్క వ్రేలికి పెట్టుచు వచ్చి, పనిచేయని చిట్టచివరి వ్రేలికి లేదు పొమ్మనును. అరచేత గిరగిర త్రిప్పు చూపుడువ్రేలు, మడచిన ఒక్కొక్క వ్రేలు, ‘ఇతనికి ఇచ్చెను’ అను మాట పదేపదే వినబడుట, ఇవన్నియు కలిసి మాట నోట రాకమునుపే చతుర్థీ విభక్తిని శిశువు చెవిలో వేయును.

ఒక దుంప, ఒక విభక్తి

రష్యను జానపద కథలను 1855 మొదలు 1863 వరకు సంపుటములుగా ప్రకటించిన అలెక్సాందర్ అఫనాస్యెవ్ సేకరణలోను ఒక రూపమున కలదు ‘రేప్క’ కథ. నేడు పిల్లలకు చెప్పు రూపమున, తాత పాతిన దుంప యొకటి కొండంత ఎదుగును. తాత లాగును, రాదు; అవ్వ వచ్చి తాతను పట్టుకొనును; మనుమరాలు అవ్వను, కుక్క మనుమరాలిని, పిల్లి కుక్కను పట్టుకొని లాగుదురు. ఎంతకును రాని దుంప, తుదకు చిట్టెలుక వచ్చి పిల్లిని పట్టుకొని లాగగా ఊడివచ్చును. పైకి ఇది హాస్యకథ; లోపలి కట్టడమును పరికించినచో ద్వితీయా విభక్తికి ఇంతకు మించిన పాఠము లేదు. అవ్వ వచ్చునపుడు ‘బాబ్క’, ఆమెను పట్టుకొనునపుడు ‘బాబ్కు’. పిల్లి వచ్చునపుడు ‘కోష్క’, దానిని పట్టుకొనునపుడు ‘కోష్కు’. చిట్టెలుక తప్ప ప్రతి పాత్రయు ముందు కర్తగా అకారముతోను, మరుక్షణమున కర్మగా ఉకారముతోను వినబడును. కొత్తపాత్ర వచ్చినపుడెల్ల పాతవరుస మొదటినుండి మరల చెప్పబడును. ఒక్కసారి కథ ముగియులోపల ఆ మార్పు ఎన్నిమారులు చెవిని బడునో పాఠకులే ఊహింపగలరు.

ఈ కథను చదివి వినిపించుట కంటె ఆడించుట శ్రేష్ఠము. తండ్రి దుప్పటి కప్పుకొని దుంపయై కూర్చుండును. పిల్లవాడు తాత, అక్క అవ్వ, మిగిలిన పాత్రలు బొమ్మలు. ఒకరి నడుము నొకరు పట్టుకొని లాగుచు, పట్టుకొన్నవారి పేరును ఉకారాంతముగా పిలువవలెను. తండ్రి ఊడిరాక మొరాయించుకొలదియు పిల్లలు మరింత గట్టిగా కేకలు వేయుదురు. ఒక్కొక్క జంతువు వచ్చి తలుపుతట్టి లోన ఎవరున్నారని అడుగు ‘తెరెమోక్’ కథ ప్రశ్నను, పరిచయవాక్యమును నేర్పును. దారిలో ఎదురైన మృగముల నుండి ఒకదాని వెంట నొకటిగా తప్పించుకొని పోయి, తుదకు నక్కకు చిక్కు రొట్టె యుండ కథ ‘కలబోక్’ గతించిన పనిని వరుసతప్పక చెప్పుట నేర్పును.

తన గ్రామమగు యాస్నయ పల్యానలో రైతుబిడ్డలకై 1859లో బడి తెరచి, 1872లో ‘ఆజ్బుక’ అను వాచకమును వ్రాసిన టాల్‌స్టాయ్ మహాశయుడు పసివారికై మూడు ఎలుగుల కథను గూడ చెప్పెను. పెద్ద ఎలుగు, నడిమి ఎలుగు, చిన్న ఎలుగు. వారికి తగిన గిన్నెలు, కుర్చీలు, పడకలు. ఇంట మూడు గిన్నెలు, మూడు పీటలు దొరకని వారుండరు. పెద్ద పీటను ‘బల్షోయ్’ అనియు, పెద్ద గిన్నెను ‘బల్షాయ’ అనియు, ఎలుగు గొంతుతో బొంగురుగా పలుకుచు నడచినచో విశేషణము విశేష్యము ననుసరించు తీరు పిల్లవానికి ఎవరును చెప్పకయే తెలియును.

ఇంటిలోని ప్రతి మూల ఒక పుట

బొమ్మను దాచి వెదకించుట ఏ దేశపు పిల్లలకైనను ప్రియము. రష్యనులో బల్ల ‘స్తోల్’. బల్లమీద నున్నది ‘న స్తల్యే’, బల్లక్రింద నున్నది ‘పద్ స్తలోమ్’. స్థానము మారినపుడెల్ల పదాంతము మారును. ఊనిక జరిగినంతనే ‘ఓ’కారము ‘అ’కారముగా వినబడును. పిల్లవాడు వెదకుచుండగా దూరమైన ‘చల్లన’, దగ్గరైన ‘వెచ్చన’, చేయి తగులబోవునపుడు ‘వేడి’ అని కేకవేయు అలవాటు రష్యను ఇండ్లలో నెన్నటినుండియో కలదు: ‘హోలద్న’, ‘తెప్లో’, ‘గర్యచో’. దొరికిన పిమ్మట ఎక్కడ దొరికినదో చెప్పినవానికే మరల దాచు వంతు వచ్చును. కావున పూర్తివాక్యము చెప్పక తప్పదు.

కొయ్యబొమ్మలో కొయ్యబొమ్మ యొదిగియుండు మత్ర్యోష్క రష్యను గృహముల గణితశాల. పురాతనమని పలువురు తలంచు ఆ బొమ్మ నిజమునకు 19వ శతాబ్ది చివరి పదేండ్లలో పుట్టినది. వసీలి జ్వ్యోజ్దచ్‌కిన్ తరిమెన పట్టగా సెర్గెయ్ మల్యూతిన్ రంగులు దిద్దిన తొలి బొమ్మలో ఎనిమిది బొమ్మలు కలవు. 1900లో అది పారిస్ ప్రదర్శనమునకును పోయినది. దానిని విప్పుచు లెక్కపెట్టుటలో మర్మమున్నది. ఒకటైనచో ‘అద్నా మత్ర్యోష్క’; రెండు మొదలు నాలుగు వరకు ‘మత్ర్యోష్కి’; అయిదు మొదలు ఇరువది వరకు ‘మత్ర్యోషెక్’. సంఖ్యనుబట్టి మూడు రూపులెత్తు ఈ వింత పెద్దలకు తలనొప్పి. బొమ్మలను వరుసగా పేర్చుచు ప్రతిదినము లెక్కించు పిల్లవానికి అయిదవ బొమ్మ దగ్గర రాగము మారుట యొక వినోదము.

బంతియాట మరియొకటి కలదు. పెద్దవారు ఒక వస్తువు పేరు చెప్పుచు బంతి విసరుదురు. అది తినదగినదైన పట్టుకొనవలెను, కానిచో త్రోసివేయవలెను. రొట్టె, పాలు, ఆపిలు అని వరుసగా పలికి, నడుమ చెప్పు అనినచో బంతి పట్టుకొన్నవాడు చెప్పు తిన్నట్లే! పదసంపద పెరుగుటకు ఇది చవకైన సాధనము. ఇక గమనక్రియలు. కాలినడకన పోవుటకు ‘ఇద్యోత్’, బండిలో పోవుటకు ‘యేదెత్’, ఎగురుటకు ‘లెతీత్’, ఈదుటకు ‘ప్లివ్యోత్’. మనము ‘వెళ్లుచున్నాడు’ అని సరిపెట్టు చోట రష్యనువాడు ఎట్లు వెళ్లుచున్నాడో చెప్పితీరవలెను. నేలమీద సుద్దముక్కతో నదిని, రోడ్డును గీసి, ఎలుగును ఒకమారు నడిపించి, ఒకమారు కారెక్కించి, ఒకమారు నీట దింపినచో చాలును. చెక్కముక్కలతో గోపురము కట్టుచున్నంతసేపు ‘స్త్రోయిల్, స్త్రోయిల్’ అని రాగముతీసి, కొనమీద కడపటి ముక్క నిలిచిన క్షణమున ‘పస్త్రోయిల్!’ అని చప్పట్లు చరచినచో, జరుగుచున్న పనికిని ముగిసిన పనికిని గల భేదము, విదేశీ విద్యార్థులను ఏండ్లకొలది వేధించు ఆ క్రియాభేదము, నవ్వులాటగా పట్టుబడును.

తల్లిమాట, కొడుకుమాట

తల్లి యొక్కతెయే రష్యను మాటలాడు ఇండ్లలో ఒక చిత్రమైన దోషము కానవచ్చును. తెలుగున ‘వెళ్లితిని’ అను మాటను స్త్రీయైనను పురుషుడైనను ఒక్కరీతిగనే పలుకును. రష్యనులో భూతకాలక్రియ వక్త లింగమును గూడ తెలుపును: ‘నేను వెళ్లితిని’ అనుటకు పురుషుడు ‘య పషోల్’ అనును, స్త్రీ ‘య పష్లా’ అనును. పగలెల్ల తల్లి మాటయే వినుచు పెరిగిన కొడుకు తానును ‘పష్లా’ అనియే అనును. దీనికి మందలింపు మందు కాదు, పురుషకంఠము మందు. వారమునకొకమారు తాతతో వీడియో కాలు, ఇంట ఒక మగబొమ్మ, ఈ రెండును చాలును. ఎర్రటోపి, కీచుగొంతు, దుడుకుతనము గల పెత్రూష్క అను చేతితొడుగు బొమ్మ రష్యను సంతలలో శతాబ్దముల నాటి విదూషకుడు. మన తోలుబొమ్మలాటలోని కేతిగానికి దూరపు చుట్టమనవచ్చును. ఆ పెత్రూష్కకు రష్యను తప్ప మరియే భాషయు రాదని ఇంట నియమము పెట్టవలెను. పిల్లవాడు తెలుగున పలుకరించిన పెత్రూష్క చెవి గోకికొనును. రష్యనులో పలుకరించినచో గంతులు వేయును. బొమ్మకు భాష రాదన్న మాట అబద్ధమని పిల్లవానికి తెలియును. తెలిసియు ఆటకై అంగీకరించును.

ఎవరు ఏ భాషలో మాటలాడవలెనను విషయమున ఫ్రెంచి భాషావేత్త జూల్ రోన్జా 1913లో ప్రకటించిన గ్రంథము నేటికిని దారి చూపుచున్నది. తండ్రి ఫ్రెంచి, తల్లి జర్మను మాత్రమే మాటలాడుచు తమ కుమారుని పెంచిన వృత్తాంతమది. ఒక మనిషికి ఒక భాష యన్నది దాని సారము. అట్టి వీలు లేనియెడల మనిషికి బదులు వేళను నియమింపవచ్చును: స్నానపు వేళ రష్యను, పడకవేళ రష్యను. వేళలు మారకుండుట ముఖ్యము.

పిల్లి మొరిగిన వేళ

స్నానపు వేళకు కర్నెయ్ చుకోవ్‌స్కీ 1923లో ‘మోయ్‌దదీర్’ అను గేయకథను ప్రసాదించెను. మురికిబాలుని మందలించి వెంటబడు ముఖప్రక్షాళన పీఠము అందు నాయకుడు. చుకోవ్‌స్కీయే రెండేండ్లు మొదలు అయిదేండ్ల వరకు గల పిల్లల మాటలను దశాబ్దములు సేకరించి, 1928లో మొదట వెలువరించి, పిమ్మట పెంచుచు పోయిన గ్రంథము ‘రెండు నుండి అయిదు’. తన చిన్నకూతురు రెండేండ్లు నిండకమునుపే ఒకనాడు కుక్క ‘మ్యావు’ మనునని తండ్రికి చెప్పి, తాను చేసిన తలక్రిందుల తమాషాకు తానే నవ్విన సంగతిని ఆయన అందు వివరించి, శిశువు తనకు బాగుగా తెలిసినదానినే తారుమారు చేసి ఆడుకొనునని సిద్ధాంతీకరించెను. ఆ వినోదమునకు ఆ దినములలో అనుమానపు చూపులును తప్పలేదు. 1928లో ‘ప్రావ్దా’ పత్రికలో లెనిన్ సతీమణి క్రూప్స్కయ ఆయన ‘మొసలి’ గేయకథను తీవ్రముగా విమర్శించెను. పిల్లలు మాత్రము చుకోవ్‌స్కీని విడువలేదు. మన యింటను ఈ తలక్రిందుల యాట ఆడవచ్చును. తల్లి గంభీరముగా పిల్లి ‘గవ్ గవ్’ అనునని చెప్పును, పిల్లవాడు ‘న్యెత్!’ అని కేకవేసి దిద్దును. ఎల్లప్పుడును దిద్దబడువాడే దిద్దువాడగుటలోని ఆనందము వానికి మాటలను వెదకి తెప్పించును.

కంఠస్థము చేయించుటకు 1936లో అగ్నియ బర్తో వ్రాసిన ‘ఆటబొమ్మలు’ అనుకూలము. ఒక్కొక్క బొమ్మకు ఒక్కొక్క చిన్న పద్యము. చలనచిత్రములను ఎన్నుకొనుటలో కొంచెము వివేకము వలయును. 1969లో మొదలైన ‘ను పగదీ’ తోడేలు, కుందేలు నవ్వింపజాలునే గాని అందు మాటలు మిక్కిలి తక్కువ. 2009 నుండి లోకమంతట వ్యాపించిన ‘మాష, ఎలుగుబంటి’ లో మాష మాటలాడును గాని ఎలుగు మాటలాడదు. సంభాషణలు నిండుగా గల ‘ప్రస్తక్వాషిన’ చిత్రములు భాష దృష్ట్యా మేలు. ఏదైనను ప్రక్కన కూర్చుండి చూచి, ముగిసిన పిమ్మట బొమ్మలతో మరల ఆడించినపుడే అది పాఠమగును.

బియ్యపు పళ్లెములో అక్షరములు

అక్షరములకు తొందరలేదు. మన యక్షరాభ్యాసమున బియ్యములో వ్రాయించు ఆచారము రష్యనుకును చక్కగా పనికివచ్చును. ‘జూక్’ అనగా పేడపురుగు వంటి కీటకము. ఆ పదాద్యక్షరము ఆరు కాళ్లతో ఆ పురుగు రూపముననే యుండును. ‘దోమ్’ అనగా ఇల్లు. దాని తొలియక్షరము రెండు కాళ్లమీద నిలిచిన యింటిని పోలును. ఇంగ్లీషు బడికి పోవు పిల్లవానికి మాత్రము ఒక చిక్కు కలదు: ‘పి’ ఆకారము ఇచట రకారము, ‘హెచ్’ ఆకారము నకారము, ‘సి’ ఆకారము సకారము. కావున రెండు భాషలలోను ఒకే రూపును, ఇంచుమించు ఒకే ధ్వనియు గల ‘ఎ, కె, ఎం, ఓ, టి’ ఆకారములతో మొదలిడి, ‘మామ’ అనగా అమ్మ, ‘కోత్’ అనగా పిల్లి యని చదివించి, పిదప మోసకారి యక్షరములను ఒక్కొక్కటిగా పరిచయము చేయవలెను. లెనిన్‌గ్రాడు ఉపాధ్యాయుడు నికలాయ్ జాయ్‌త్సెవ్ రూపొందించిన ఘనములు ఇందుకు ప్రసిద్ధములు: పరుషధ్వనులకు పెద్దవి, మృదుధ్వనులకు చిన్నవి, నాదము గలవానిలో లోహపుముక్కలు, నాదము లేనివానిలో కొయ్యముక్కలు నింపి, కదలించినపుడు చెవికే భేదము తెలియునట్లు చేసెను. అగ్గిపెట్టెలలో మేకులు, పుల్లలు నింపి అట్టివానిని ఇంటనే చేసికొనవచ్చును.

రష్యను ఇండ్లలో నూతన సంవత్సర వేళ, అలంకరించిన ఫర్ చెట్టు ముందర పీటమీద పిల్లవానిని నిలిపి, మంచుతాత ద్యేద్ మరోజ్‌కు ఒక పద్యము చెప్పించి, పిమ్మటనే కానుక ఇప్పింతురు. ఈ యాచారము ముచ్చటైనదే. అయినను చుట్టముల ముందు అప్పజెప్పిన పద్యమును బట్టి నేర్పరితనమును కొలువరాదు. తప్పు పలికినపుడు ఆటనాపి దిద్దరాదు. అదే మాటను సరిగా మరల పలికి ముందుకు సాగవలెను. అలసినపుడు ఆపవలెను, ఆడుమని అడిగినపుడు కాదనరాదు. ఇట్లు సాగగా అక్కకును తమ్మునికిని ఎలుగుబొమ్మపై తగవు వచ్చి, ఒకరినొకరు రష్యనులోనే నిందించుకొను దినము రాకమానదు. ఆనాడు తల్లి, తగవు తీర్చుటకు లేచుటకు ముందు ఒక్క నిమిషమాగి, ఎవరు ఏ విభక్తి వాడిరో వినవచ్చును.